చివరి గుంటలో మొగిలయ్య

డిసెంబర్ 22, బుధవారం

మొగిలయ్యకు ఇవాళ మళ్ళీ నెగటివ్.

మా కోవిడ్ ల్యాబ్‌లో మొగిలయ్య అనే మనిషే లేడు. నలభై ఐదేళ్ళు, పురుషుడు, ఎర్రగడ్డ అని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ప్లేట్‌లో తొంభై ఆరు గుంటలు, చివర్లో, కిట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే కంట్రోళ్ళకు ముందు ఒక గుంట ఎప్పుడూ ఖాళీగా మిగులుతుంది. మాలో ఎవరికి ముక్కు కారినా, ఒళ్ళు వెచ్చబడినా ఆ గుంటలో సొంత శాంపిల్ వేసుకుని మొగిలయ్య పేరు రాస్తాం. అసలు పేరైతే ప్రభుత్వ పోర్టల్‌లోకి ఎక్కాలి. పాజిటివ్ వస్తే సెలవు, ఆ డ్యూటీ అంతా మిగిలినవాళ్ళ నెత్తిన. మొగిలయ్య అయితే ఎవరికీ బాధ లేదు. ఇవాళ్టి మొగిలయ్య వీర్రాజు. "ఏంటి మధూ, బతికిపోయాను కదా?" అని గౌన్లు మార్చుకునే గదిలో ఒక స్టెప్పు కూడా వేశాడు. సీనియర్ టెక్నీషియన్ అంటే నవ్వొస్తుంది.

మా ల్యాబ్ హెడ్ అనుపమ మేడమ్ గోడకు కాగితం అంటించారు. మా కిట్ వైరస్‌లో మూడు చోట్ల వెతుకుతుంది. ఎన్, ఓఆర్‌ఎఫ్, ఎస్. పాజిటివ్ అయితే స్క్రీన్ మీద మూడు గీతలు లేవాలి. రెండు లేచి ఎస్ లేవకపోతే అది ఈ కొత్త ఒమిక్రాన్ కావచ్చు, వెంటనే చెప్పండి, ఏ రకమో తేల్చే జీనోమ్ పరీక్షకు పంపాలి అని. ఎస్ దగ్గర వైరస్ ఒక ముక్క రాల్చేసుకుందట, అందుకని కిట్ దాన్ని గుర్తుపట్టదు. కిట్ సంగతి అలా ఉంచితే, మన ఒంట్లో పాతవాటికి తయారైన యాంటీబాడీలు కూడా సరిగ్గా పట్టుకోలేకపోతున్నాయని మేడమ్ అన్నారు. ఒకసారి వచ్చిపోయినవాళ్ళకూ వస్తోందట.

నాకు ఏప్రిల్‌లో వచ్చిపోయింది. రెండు సూదులూ పడ్డాయి. నా కాపలా గట్టిదే.

ఇంటికి వెళ్తే గుమ్మం దగ్గర బకెట్ లేదు. రెండేళ్ళుగా అత్తమ్మ రోజూ వేన్నీళ్ళ బకెట్ పెట్టుకుని గుమ్మంలో నిలబడేది. కాళ్ళు చేతులు కడిగి, బట్టలు అందులో ముంచి, బాత్‌రూంలోంచి వచ్చాకే నేను మనిషిని. పోయినవారం నేనే గట్టిగా చెప్పాను, ఇంకెందుకు అత్తమ్మా, దునియా మొత్తం తిరుగుతోంది అని. ఆమె బకెట్‌ను బియ్యం డబ్బా మీద బోర్లించింది. "నీ ఇష్టం బిడ్డా. సదువుకున్నదానివి."

ఎప్పటిలాగే కొడుకును, మా ఆయన నరేశ్‌ను అడిగింది: "నా కిడ్నీకి నీళ్ళు తాపినవా?" మూడేళ్ళయింది ఆమె కిడ్నీ అతనికి పెట్టి. ఇచ్చేశానని ఎప్పుడూ అనదు. అద్దెకు ఇచ్చినట్టు రోజూ వాకబు చేస్తుంది.

డిసెంబర్ 23

గొంతులో గరగర. పంజగుట్ట చౌరస్తాలో మళ్ళీ ఏదో తవ్వుతున్నారు. దుమ్ము.

డిసెంబర్ 24, శుక్రవారం

మధ్యాహ్నం రన్‌లో చివరి గుంట ఖాళీగా ఉంది. ఊరికే పెట్టాను. గొంతు గరగర తప్ప ఏమీ లేదు, ఉన్న గుంట వృథా ఎందుకని.

ఎన్ ఇరవై నాలుగు దగ్గర లేచింది. ఓఆర్‌ఎఫ్ ఇరవై ఐదు. గీత ఎంత తొందరగా లేస్తే వైరస్ అంత ఎక్కువ. ఇరవై నాలుగంటే చాలా ఎక్కువ. ఎస్ లేవలేదు. నేలకు అంటుకున్న గీత, చివరిదాకా అలాగే పోయింది.

రియేజెంట్ లాట్ తప్పు, ఆ రసాయనాల బ్యాచే పాడై ఉంటుంది. కొత్త లాట్ నిన్ననే విప్పాం. అంచు గుంటల్లో ఆవిరైపోయి ఇలా పిచ్చి గీతలు రావడం నేను చూడనిది కాదు. పాజిటివ్ కంట్రోల్‌లో మూడూ లేచాయి, నిజమే. నాలుగో వరుసలో ఒకాయనకు మూడూ లేచాయి, అదీ నిజమే. అయినా అంచు గుంట అంచు గుంటే.

వీర్రాజు అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. మొగిలయ్య ఎదురుగా 'ఇన్‌వాలిడ్, రిపీట్' అని కొట్టాను. ట్యూబ్‌ను ఫ్రీజర్‌లో కింది అరలో పెట్టాను. పారేయలేదు. పారేయలేదంటే దాచిపెట్టే ఉద్దేశం లేనట్టే కదా. రేపు రిపీట్ చేస్తాను, నెగటివ్ వస్తుంది, నవ్వుకుంటాం.

పాజిటివ్ అని ఒప్పుకుంటే నిన్న రాత్రి నరేశ్ పక్కన పడుకున్నానని కూడా ఒప్పుకోవాలి. మొన్న కూడా. కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా నరేశ్ వేసుకునే గోలీలు ఒంట్లో కొట్లాడే శక్తినే తొక్కిపెడతాయి. జూలైలో రెండో డోసు అయ్యాక నేనే రక్తం తీసి చూశాను. యాంటీబాడీలు దాదాపు లేవు. సూది పడ్డట్టు అతని ఒంటికి తెలియనే లేదు. ఆ కాగితం ఇంకా అతనికి చూపించలేదు. భయపడతాడని.

అందుకని ఇది పాజిటివ్ కాదు. లాట్ తప్పు.

ఎనిమిదింటికి గోలీలు నా చేత్తోనే ఇచ్చాను. ఇంట్లో మాస్కు పెట్టుకుంటే, "ఏందే దొంగలెక్క?" అని నవ్వాడు. తీసేశాను.

డిసెంబర్ 25

రిపీట్ పెట్టలేదు. ప్లేట్ నిండిపోయింది. లాట్ తప్పే.

డిసెంబర్ 26, ఆదివారం

అత్తమ్మ పొద్దున్నే చెప్పకుండా బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి పోయి వచ్చింది. మాస్కు మెడలో వేలాడుతోంది, దాని మీద కూడా కుంకుమ. ఆదివారం ఆ గుళ్ళో మనిషి మీద మనిషి ఉంటారు.

ఎంత అరిచానో. పక్కింటి రత్నమాల గోడ మీంచి తొంగిచూసింది. "ఇంట్లె ఎసొంటి మనిషున్నడో ఎర్కలేదా నీకు? కొడుక్కు ఏమన్నయితే ఎవలది జిమ్మ?" అన్నాను. అత్తమ్మ ప్రసాదం కొంగున దాచుకుని నిలబడింది. ఏనాడూ నాకు జవాబు చెప్పకుండా ఊరుకోని మనిషి. "తప్పయింది బిడ్డా" అంది.

గొంతు చించుకుని అరిస్తే గొంతు నొప్పి ఎక్కువైంది. అరిచినందుకే.

డిసెంబర్ 27

గొంతు తగ్గింది! పూర్తిగా. చూశావా, దుమ్మే.

డిసెంబర్ 28, మంగళవారం

నరేశ్‌కు జ్వరం. నూటొకటి.

డిసెంబర్ 29, బుధవారం

కిడ్నీ పెట్టిన ఆసుపత్రిలోనే చేర్చుకున్నారు. పాజిటివ్. స్ట్రెచర్ మీద కూడా ఫోన్ చూసుకుంటున్నాడు. మైత్రీవనంలో అతను పాఠం చెప్పే జావా బ్యాచ్‌కు సాయంత్రం క్లాసుంది, ఎవరైనా చెప్తారా అని. లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. ఆపరేషన్ చేసిన నాటి నుంచి చూస్తున్న డాక్టర్ రఘురామ్ గారే చూస్తారట, రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారట.

బోరబండ బస్తీ దవాఖానాలో మా ఇద్దరికీ కార్డు టెస్ట్ చేశారు. ఇద్దరికీ రెండు గీతలు, పాజిటివే. అత్తమ్మకు కొంచెం దగ్గు, అంతే.

దవాఖానా మెట్ల మీదే కూలబడింది. "నేనే తెచ్చిన. గుడికి పోయి నా కొడుక్కు నేనే తెచ్చిన. నువ్వు సుత మొత్తుకుంటివి, నేను ఇనకపోతిని."

ఆదివారం గుడికి పోతే మంగళవారం కొడుక్కు జ్వరమా? రెండు రోజుల్లో అంతదాకా రావడం కష్టమని నాకు తెలుసు. ప్లేట్లు నడిపేదాన్ని నాకు తెలియదా? "లే అత్తమ్మా, ఆటో వచ్చింది" అన్నాను.

ఇంటికి రాగానే ఎల్లమ్మ ఫొటోను గోడవైపు తిప్పేసింది.

డిసెంబర్ 30

ఆక్సిజన్ తొంభై మూడు. క్రియాటినిన్ ఒకటిన్నర ఉండేది, రెండు దాటింది. కిడ్నీ కష్టపడుతోందని అర్థం. గోలీలు సగం ఆపారు. ఆపితే ఒళ్ళు వైరస్‌తో కొట్లాడుతుంది, కిడ్నీతో కూడా కొట్లాడుతుంది. ఆపకపోతే రెండూ చెయ్యదు.

నరేశ్ వీడియో కాల్ చేశాడు. ముక్కుకు గొట్టం. "అమ్మను ఏమనకు. పాపం, కావాలని పోయిందా? నీకు కోపం జాస్తి" అన్నాడు.

ఏమనను అన్నాను.

ఇల్లంతా తిరుగుతున్నాను. రెండు గదులే. కిటికీ, గుమ్మం, గ్యాస్ పొయ్యి, కిటికీ. కూర్చుంటే కాలు దానంతటదే ఊగుతోంది. అత్తమ్మ అన్నం తినలేదు. గంజి కాచి ఇస్తే రెండు గుక్కలు తాగింది.

డిసెంబర్ 31, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. ఇక్కడైనా.

నాలుగింటికి రఘురామ్ గారు ఫోన్ చేశారు. "అమ్మా, మీరు ల్యాబ్ మనిషి కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నా దగ్గర యాంటీబాడీల కాక్‌టెయిల్ ఇంజెక్షన్ ఉంది. పాత డెల్టా అయితే బాగా పనిచేస్తుంది. ఒమిక్రాన్ అయితే దాన్ని తప్పించుకుంటుంది, ఉత్త నీళ్ళు ఎక్కించినట్టే. అప్పుడు రెమ్‌డెసివిర్ ఇవ్వాలి. అది మొదటి వారంలో పడాలి, కిడ్నీకి కొంచెం ఇబ్బంది. ఈ కిడ్నీ మీద రెండూ ఒకేసారి ప్రయోగం చెయ్యలేను. ఏదో ఒకటి ఎంచుకోవాలి. మా కిట్‌లో ఎస్ ఉండదు. జీనోమ్ రిపోర్టుకు పది రోజులు. ఊళ్ళో రెండూ తిరుగుతున్నాయి. మీ ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది? వాళ్ళ శాంపిల్ మీ ల్యాబ్‌లో ఏమైనా నడిచిందా?"

నడిచింది. కింది అరలో ఉంది. స్క్రీన్ మీద గీత ఉంది.

"లేదు సార్. మా అత్తమ్మ గుడికి వెళ్ళింది. అక్కడి నుంచే" అన్నాను.

"ఆహా. అయితే డెల్టా కూడా కావచ్చు. సరే, కిడ్నీకి ఇబ్బంది లేనిదే ముందు చూద్దాం, రేపు పదకొండింటికి కాక్‌టెయిల్ పెడతాను."

ఫోన్ పెట్టేశాను. అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. నేను తనను చూపించి చెప్పిన మాట విన్నది. తల ఊపింది. అవును, సరిగ్గానే చెప్పావు అన్నట్టు.

సాయంత్రం ఆరు

లాట్ తప్పు కావచ్చు కదా. నిజంగానే కావచ్చు కదా. లాట్ తప్పయి, నాది డెల్టానే అయితే, నేను నోరు విప్పితే పనిచేసే మందును ఆపించినదాన్నవుతాను. అందుకే చెప్పలేదు. అతని మంచికే.

ఆరున్నర

అబద్ధం. కంట్రోల్‌లో మూడూ లేచాయి.

జనవరి 1, శనివారం

పక్కింట్లో పొద్దున్నే పాటలు. హ్యాపీ న్యూ ఇయర్ వదినా అని రత్నమాల గోడ మీంచి పెరుగు గిన్నె అందించబోయి, గుర్తొచ్చి, గోడ మీదే పెట్టి వెళ్ళింది.

తొమ్మిదింటికి అత్తమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. ఎక్కడికో బయల్దేరినట్టు ఉంది.

"డాక్టర్‌కు ఫోన్ గలుపు."

"ఎందుకు?"

"నాకు ఇంకోటి ఉన్నది కద. గది సుత తీస్కోమను. మొదటిది కరాబైతున్నదంటివి. నేనే కరాబు చేసిన, నేనే ఇస్త. రెండూ వానికే పోనీ. ఇంక నాకెందుకు?"

"అత్తమ్మా, గట్ల తీస్కోరు. రెండూ తీస్తే మనిషి బతకదు."

"అడుగు పో. నువ్వు జర ఇంగ్లీషుల చెప్తే వింటరు."

చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు డబ్బాలకు మూతలు బిగించింది, వేళ్ళు ఇప్పటికీ పక్కకు ఒంగి ఉంటాయి. ఆ వేళ్ళతో నన్ను బతిమాలుతోంది. నన్ను!

వీధిలోకి వెళ్ళకూడదు కాబట్టి మేడ మీదికి పరిగెత్తాను. వీర్రాజుకు ఫోన్ చేశాను. "ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం ప్లేట్ తెరువు. మొగిలయ్య. ఎస్ ఉందా?"

"ఏంటి, పొద్దున్నే మొగిలయ్యేంటి? ఉండు... ఎన్ ఉంది, ఓఆర్‌ఎఫ్ ఉంది, ఎస్ లేదు. ఇన్‌వాలిడ్ ఏంటి దీనికి, ఎవరు కొట్టారిది? ఇది ఒమిక్రాన్ కదే బాబూ! ఎవరు మధూ ఆ రోజు?"

"నేనే" అని పెట్టేశాను. అప్పటికి పదీ నలభై.

రఘురామ్ గారు ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వార్డుకు చేశాను. సిస్టర్ ఎత్తి, ఇంజెక్షన్ కలుపుతున్నారు, తర్వాత చెయ్యండి అంది. "కలపకండి, కలపకండి, ఒక్క నిమిషం ఆగండి" అని అరిచాను. కింద వీధిలో పోయేవాళ్ళు ఆగి మేడ మీదికి చూశారు.

డాక్టర్ లైన్‌లోకి వచ్చారు. చెప్పేశాను. మొగిలయ్య అంటే నేనే సార్. గుడికి రెండు రోజుల ముందే. ఎన్ ఇరవై నాలుగు, ఎస్ లేదు. ట్యూబ్ ఇంకా ఉంది సార్.

"ఆ ప్లేట్‌లో కంట్రోల్‌కు ఎస్ వచ్చిందా?"

"వచ్చింది."

"వేరే పాజిటివ్‌లకు?"

"వచ్చింది సార్."

"మరి నిన్న సాయంత్రం ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. "సిస్టర్, అది పక్కన పెట్టండి" అనడం వినిపించింది. లైన్ పోయింది.

నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. పదకొండు గంటలు పదకొండు నిమిషాలకు లేచాను. కిందికి వెళ్ళి అత్తమ్మకు చెప్పాను, మందు మార్చారు, కిడ్నీ అక్కర్లేదన్నారు అని.

అంతే చెప్పాను.

జనవరి 2

రెమ్‌డెసివిర్ రెండో రోజు. ఆక్సిజన్ తొంభై రెండు. ఒకటి తగ్గింది. ఫోన్ చేతిలోంచి దించలేకపోతున్నాను. స్నానానికి కూడా కవర్‌లో పెట్టుకుని తీసుకెళ్ళాను.

జనవరి 3

తొంభై రెండు.

జనవరి 4

తొంభై నాలుగు! అత్తమ్మ సగం చపాతీ తిన్నది. తిని, తిన్నందుకు ఏడ్చింది.

జనవరి 6, గురువారం

అనుపమ మేడమ్ ఫోన్. నా ట్యూబ్ తీసి జీనోమ్‌కు పంపారట. ఫ్రీజర్ కింది అరలో అలాంటి మొగిలయ్యలు ఇంకా నాలుగున్నాయట, వాటినీ పంపారట. "ఎన్నాళ్ళ నుంచి ఇది? పోర్టల్‌లో లేని పాజిటివ్‌లు నా ల్యాబ్‌లో ఎన్ని నడిచాయి మధులతా? ఊళ్ళో కొత్తది ఎప్పుడు దిగిందో కనిపెట్టాల్సిన వాళ్ళమే దాన్ని దాచిపెట్టామా?" అని అడిగారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు, తేలేదాకా రావద్దన్నారు.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. నరేశ్ లాంటి వాళ్ళ ఒంట్లో వైరస్ తొందరగా పోదట. వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుందట. తరిమేవాళ్ళు లేని ఇంట్లో తీరిగ్గా కూర్చుని కొత్త వేషాలు నేర్చుకుంటుందట. కోలుకున్నా వారం వారం శాంపిల్ పంపించు, నెగటివ్ వచ్చేదాకా జాగ్రత్త అన్నారు.

వీర్రాజు మెసేజ్: "మొగిలయ్య పేరు సిస్టంలోంచి తీసేశారు. చంపేశావు కదే ఆయన్ని." కింద ఒక నవ్వు బొమ్మ. కాసేపటికి ఇంకొకటి: "కంగారు పడకు. సంజాయిషీ నేనూ రాస్తున్నాను. నేనూ మొగిలయ్యనే కదా."

జనవరి 8

ఆక్సిజన్ తీసేశారు. క్రియాటినిన్ దిగుతోంది.

ఇప్పుడు చెప్పొచ్చు అత్తమ్మకు. ఇంటికి వచ్చాక చెప్తే మంచిదేమో. ముందే చెప్తే మళ్ళీ బెంగ పెట్టుకుంటుంది. ఆరోగ్యం బాగాలేని మనిషి.

జనవరి 9

ఆమెకు దగ్గు కూడా లేదు. ఏం ఆరోగ్యం బాగాలేదు? నాకు ధైర్యం లేదు, అది రాయి.

జనవరి 10, సోమవారం

చెప్పాను.

మధ్యాహ్నం రుద్రమ్మ వచ్చింది, అత్తమ్మతో ఫ్యాక్టరీలో పనిచేసిన ఆమె. గేటు బయటే నిలబడి, రేపు ఎల్లమ్మ దగ్గరికి పోతున్న, నీ పేరు మీద టెంకాయ కొడ్త అంది. అత్తమ్మ చేతులు అడ్డంగా ఊపింది. "వద్దు. నా పేరు ఆమె ముంగట తియ్యకు. ఆమె నా మొకం చూడది." రుద్రమ్మ వెళ్ళాక అక్కడే నిలబడిపోయింది. గోడవైపు తిరిగిన ఆ ఫొటో వెనక అట్ట, దాని మీద బొద్దింక ఒకటి పాకుతోంది, దాన్ని కూడా తోలడం లేదు.

"అత్తమ్మా, గుడికాడికెంచి రాలే. నేనే తెచ్చిన. నువ్వు పోకముందే, శుక్రవారం నాడే నాకుండె. నాకు ఎర్కే. దాచిపెట్టిన."

దగ్గరికి వచ్చింది.

"అయితే ఎల్లమ్మ కాదా?"

"కాదు."

"ఆమెకు నా మీద కోపం రాలేదా?"

"రాలేదు అత్తమ్మా."

"నా మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టి చెప్పాను. ముందు ఫొటో దగ్గరికి పోయింది. తిప్పింది. కొంగుతో అద్దం తుడిచింది, బొట్టు పెట్టింది. "తల్లీ, పన్నెండొద్దులు నిన్ను గోడకు మలిపి పెట్టిన. మాఫ్ చెయ్" అని చెంపలేసుకుంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నాకు చెప్పకుంటివి, సరే. భయపడ్డవ్ అనుకుంట. డాక్టర్‌కు నా పేరు చెప్తివి, అది సుత సరే. కానీ నేను ఇంకో కిడ్నీ తీస్కోమంటే, గప్పుడు సుత నోరు తెరవకపోతివే! నీ కడుపుల పేగులున్నయా లేవా? నేను తింటలేనని గంజి కాస్తివి. ఆ గంజిల ఒక్క నిజం ఎయ్యకపోతివి!"

ఇంకా అంది. అన్నీ రాయను. నా పుట్టింటివాళ్ళు కూడా మధ్యలోకి వచ్చారు. గంటసేపు తిట్టింది. రత్నమాల ఈసారి తొంగిచూడలేదు, అంత గట్టిగా వినబడుతుంటే చూడాల్సిన పనేముంది? తిడుతుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది. సిగ్గులేకుండా అదీ రాస్తున్నాను.

చివరికి, "పో, జర బయట కూసో. నిన్ను చూస్తుంటే నా నోట్లె ఇంకేమొస్తదో" అంది. మేడ మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నాను. పళ్ళెం చప్పుడు వినిపించింది. అన్నం తింటోంది. పన్నెండు రోజుల తర్వాత కూర కలుపుకుని తింటోంది.

జనవరి 12

మాట్లాడటం లేదు. గిన్నెలతో మాట్లాడుతోంది.

జనవరి 17, సోమవారం

నరేశ్ ఇంటికి వచ్చాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. ఇంకా పాజిటివే, గీత బాగా ఆలస్యంగా లేస్తోంది, ఇంట్లో వేరే గదిలో ఉంచి వారం వారం టెస్ట్ చేయించాలని రఘురామ్ గారు చెప్పారు. నాతో మాట్లాడినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. కిడ్నీ నిలబడింది అన్నారు.

గుమ్మం దగ్గర బకెట్ ఉంది. వేన్నీళ్ళు, వేపాకు. కొడుకు కాళ్ళు అత్తమ్మే కడిగింది. "నా కిడ్నీకి నీళ్ళు తాపినవా?" అంది, ఇంకో చెంబు పోస్తూ.

"తాపిన, తాపిన. గ్లూకోజ్ సుత తాపిన్రు నీ కిడ్నీకి." నవ్వాడు. "అమ్మా, ఈసారి గుడికి పోతే ఎల్లమ్మకు నా మాట జర చెప్పు. ప్రసాదం చాలు, రోగం పంపకు అని."

అత్తమ్మ చెంబు కింద పెట్టింది. నావైపు చూసింది. వారం రోజుల తర్వాత నాతో మొదటి మాట: "నేనైతే చెప్పలే. చెప్పేటోళ్ళు చెప్పాలె."

నేనింకా గడప బయటే ఉన్నాను, ఒక కాలు బకెట్‌లో. అలాగే చెప్పాను. శుక్రవారం సంగతి, మొగిలయ్య సంగతి, ఎస్ సంగతి, డాక్టర్‌తో ఆడిన అబద్ధం. ఎత్తుకున్నాక ఆగలేదు. జూలై నాటి యాంటీబాడీల కాగితం సంగతి కూడా చెప్పేశాను.

నరేశ్ గోడ పట్టుకుని విన్నాడు. "ఆ రోజు గోలీలు నీ చేత్తోనే ఇచ్చినవ్ కద."

"అవును."

"మాస్కు నేనే తీయిచ్చిన."

"తీసింది నేనే."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టిన చప్పుడు. నేను స్నానానికి వెళ్తూ విప్పిన బట్టలు అత్తమ్మ బకెట్‌లో ముంచింది, ఎప్పటిలాగే, నన్ను ముట్టుకోకుండా.

రేపు అతని శాంపిల్ పంపాలి, మా ఇద్దరివి కూడా. ట్యూబుల మీద పేర్లు రాశాను. నరేశ్, 38, పురుషుడు. వజ్రమ్మ, 61, స్త్రీ. మధులత, 34, స్త్రీ, బోరబండ. నా పేరు నా చేతిరాతలో ట్యూబు మీద చూసుకోవడం ఇదే మొదటిసారి.

ఎనిమిదింటికి గోలీలు, నీళ్ళు పళ్ళెంలో పెట్టి అతని తలుపు ముందు నేల మీద ఉంచాను. తలుపు మీద రెండుసార్లు కొట్టి వెనక్కి వచ్చేస్తున్నాను. గడియ తీసిన చప్పుడైంది. పళ్ళెం ఎత్తుకుంటాడనుకున్నాను. ఎత్తలేదు. తలుపు సగం తెరిచి, మాస్కు పెట్టుకుని, చెయ్యి బయటికి చాచి నిలబడ్డాడు.

"కింద పెట్టుడెందుకు? చేతులు కడుక్కొని ఇయ్యి."

వెళ్ళి కడుక్కున్నాను. మోచేతుల దాకా, సబ్బుతో, రెండుసార్లు. అత్తమ్మ పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోసింది.